బలి, క్షమాపణ, ప్రభురాత్రి భోజనం

చర్చిలో ఆరాధన చివర చిన్న రొట్టెముక్క, కాస్త ద్రాక్షరసం పంచడం మీలో కొందరు చూసే ఉంటారు. దీన్ని కొన్ని సంఘాల్లో ‘బల్ల’ అంటారు, కొన్నింటిలో ‘సంస్కారం’ అనీ ‘రొట్టె విరుచుట’ అనీ అంటారు. కథోలికులకు ఇది దివ్యసత్ప్రసాదం. క్రీస్తు మరణం మానవుల పాపాల కోసం ఒకే ఒక్కసారి జరిగిన బలి అని క్రైస్తవుల విశ్వాసం. అలాంటప్పుడు ఈ భోజనం మళ్లీ మళ్లీ ఎందుకు? ఈ భాగంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

యూదుల నేపథ్యం

బలి అనగానే కోపంతో ఉన్న దేవుణ్ణి రక్తంతో శాంతింపజేయడం అని మనకు తోస్తుంది. లేవీయకాండం చెప్పేది కొంత వేరు. ప్రాణం రక్తంలో ఉందనీ, ప్రాయశ్చిత్తం కోసం ఆ రక్తాన్ని మనుషులకు దేవుడే ఇచ్చాడనీ 17వ అధ్యాయం అంటుంది. అంటే క్షమాపణకు మార్గం దేవుడి వైపు నుంచే మొదలవుతుంది. 5వ అధ్యాయంలో మరో ముఖ్యమైన సంగతి ఉంది. గొర్రెను తేలేని పేదవాడు రెండు పక్షులను తేవచ్చు. అదీ చేతకాకపోతే కాస్త గోధుమపిండి చాలు. విద్యార్థులు సాధారణంగా గమనించని వివరం ఇది. అక్కడ రక్తం లేకుండానే క్షమాపణ దొరుకుతోంది.

యేసు తన శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని మత్తయి, మార్కు, లూకా సువార్తలు పస్కా పండుగ భోజనంగా చూపుతాయి. పస్కా ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను గుర్తు చేసే పండుగ. పస్కా గొర్రెపిల్ల పాపపరిహార బలి కాదు. ఆ రాత్రి యేసు రొట్టెను తన శరీరమనీ, గిన్నెలోనిది నిబంధన రక్తమనీ చెప్పాడు. ‘పాపక్షమాపణ కోసం’ అనే మాట ఆ సందర్భంలో ఒక్క మత్తయి సువార్తలోనే కనిపిస్తుంది. విడుదల, క్షమాపణ అనే రెండు భావాలు ఇలా ఒకే భోజనంలో కలిశాయి.

ఒక్కసారి, మళ్లీ మళ్లీ

హెబ్రీ పత్రిక ఒక పోలిక చేస్తుంది. యాజకుడు ప్రతిదినం నిలబడి అవే బలులు అర్పిస్తూ ఉంటాడు. క్రీస్తు ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు. పని ముగిసినవాడే కూర్చుంటాడు కదా! కథోలిక సంఘం కూడా దీన్ని అంగీకరిస్తుంది. పూజలో క్రీస్తును మళ్లీ బలి ఇవ్వడం లేదనీ, ఆ ఒక్క బలే అక్కడ ప్రత్యక్షమవుతుందనీ దాని బోధ. రొట్టె, ద్రాక్షరసాల సారం క్రీస్తు శరీర రక్తాలుగా మారుతుందని 1551లో ట్రెంట్ మహాసభ ధ్రువీకరించింది. అంతకుముందే, 1529లో, మార్బర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ ఇదే విషయంపై వాదించుకున్నారు. రొట్టెతోపాటు క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందని లూథర్ పట్టుబట్టాడు. ఇది జ్ఞాపకార్థ చిహ్నమని జ్వింగ్లీ అన్నాడు. తక్కిన అంశాలన్నింటిలో దాదాపు ఏకీభవించినవారు ఈ ఒక్కదాని దగ్గర విడిపోయారు.

ఎవరితో కలిసి?

పై వాదమంతా రొట్టెకు ఏమవుతుందన్న దాని గురించి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం చూడండి. ఈ భోజనం గురించి మనకు దొరికిన అత్యంత పాత రాత అదే, సువార్తలకన్నా ముందుది. అక్కడ పౌలు అడిగేది తింటున్నవాళ్ల గురించి. కొరింథులో కలిగినవాళ్లు ముందే తిని తాగి మత్తెక్కుతుంటే, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతున్నారు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదని ఆయన మందలించాడు. ప్రతివాడూ తనను పరీక్షించుకున్నాకే తినాలన్నాడు.

ఈ మాట మన ప్రాంతాల్లో మరింత పదునెక్కింది. ఎంగిలి, అంటు అనే భావాలు బలంగా ఉన్న సమాజంలో ఒకే గిన్నె నుంచి తాగడం చిన్న విషయం కాదు. దక్షిణాది సంఘాల్లో కులాలవారీగా విడివిడిగా కూర్చుని సంస్కారం తీసుకునే ఆచారం ఉండేది. దాన్ని మానాలని 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఆదేశించినప్పుడు తంజావూరు ప్రాంతంలో ఎందరో సంఘాన్ని వదిలి వెళ్లారు. ఒంగోలు ప్రాంతంలో 1878లో వేల సంఖ్యలో బాప్తిస్మం పొందినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి దగ్గరకే రానివ్వని వారికి ‘ఇదిగో, మీరూ తాగండి’ అని గిన్నె అందించడం ఎంతటి మాటో ఊహించండి.

పొరుగువారితో తగువులో ఉన్నవారు కొందరు ‘ఈ నెల బల్ల తీసుకోను’ అనడం మీరు వినవచ్చు. దాన్ని మొండితనంగా కొట్టిపారేయకండి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి, ముందు సోదరునితో సమాధానపడి రమ్మన్న యేసు బోధకూ, పౌలు హెచ్చరికకూ అది ముడిపడి ఉంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి: కొరింథు సంఘంలో జరిగిన పొరపాటు బలి గురించిన నమ్మకంలోనా, భోజనం జరిపిన తీరులోనా? మీ సమాధానాన్ని పది వాక్యాల్లో రాయండి.