కనబడనంత మాత్రాన లేనట్టు కాదు

టెస్టులన్నీ పాసయ్యాయి కనుక ప్రోగ్రాములో బగ్గులు లేవని మనలో ఎవరూ ఒట్టు వేసి చెప్పలేరు. టెస్టు వెతకని చోట బగ్గు ఉండవచ్చు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా వచ్చిన పిల్లల విషయంలో వైద్యులదీ ఇదే ఇబ్బంది. పిల్లలకి వచ్చే కేన్సర్లలో అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది ఇదే.

రక్తానికీ మెదడుకీ మధ్య ప్రకృతి ఒక కాపలా పెట్టింది. మందులు చాలామటుకు అక్కడే ఆగిపోతాయి. రోగకణాలు మాత్రం మెదడుని చుట్టిన పొరల్లోకి దూరి తలదాచుకుంటాయి. అందుకే ఒకప్పుడు మందులతో రక్తమూ మూలుగూ శుభ్రపడిన పిల్లల్లో కూడా సగానికి పైగా మెదడు దగ్గర జబ్బు తిరగబెట్టేది. 1967లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం తలకి రేడియేషను, వెన్నులోకి మెథోట్రెక్సేటు ఇవ్వడం మొదలుపెట్టింది. దాదాపు సగం మంది పిల్లలు బతికి బట్టకట్టారు. ఆ మెథోట్రెక్సేటు పుట్టిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు.

అయితే రేడియేషను ఎదిగే మెదడుని దెబ్బ తీస్తుంది. చదువు మందగించవచ్చు, ఏళ్ళు గడిచాక మరో కణితి రావచ్చు. కనుక గట్టి వైద్యం ఎవరికి అవసరమో ముందే తెలియాలి.

అందుకు వెన్నులోంచి కొద్దిగా నీరు తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. రోగకణాలు కనబడకపోతే మొదటి తరగతి. రోగకణాలు కనబడి, మైక్రోలీటరుకి తెల్లకణాలు 5 కంటె తక్కువ ఉంటే రెండవది. 5 గాని అంతకు మించి గాని ఉంటే మూడవది. సూది గుచ్చేటప్పుడు రక్తం కలిసిందా, లెక్క తికమక అవుతుంది. పైగా బయటికి తీసిన నీటిలో కణాలు త్వరగా చెడిపోతాయి.

ఫ్లో సైటోమెట్రీ పద్ధతి ఇంతకంటె నిశితమైనది. కణాలకి వెలుగునిచ్చే యాంటీబాడీలు అంటించి, ఒక్కొక్క కణాన్నీ లేజరు ముందు నుంచి నడిపిస్తారు. మైక్రోస్కోపు "లేవు" అన్న చోట కూడా ఇది రోగకణాలని పట్టుకుంటుంది. ఇలా పట్టుబడిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని నార్డిక్ దేశాల పరిశోధకులు 2020లో ప్రచురించారు.

ఇదీ పూర్తి జవాబు కాదు. రోగకణాలు నీటిలో తేలకుండా పొరలకి అతుక్కుని ఉండగలవు. అందుకే ఫలితం ఎలా వచ్చినా పిల్లలందరికీ వెన్నులోకి మందు ఎక్కిస్తారు. ఆ మందునీ, రక్తంలోకి ఎక్కించే మందులనీ జాగ్రత్తగా సర్ది, సెయింట్ జూడ్ వైద్యులు 498 మంది పిల్లలకి తలకి రేడియేషను ముందుజాగ్రత్తగా ఇవ్వకుండానే వైద్యం చేశారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, అయిదేళ్ళలో కేవలం మెదడు దగ్గరే జబ్బు తిరగబెట్టినది 2.7 శాతం మందికే.

మీ ఎరికలో ఎవరి బిడ్డకైనా ఈ జబ్బు వచ్చి, "వెన్నునీరు నెగటివ్ అన్నారు కదా, ఇంకా ఈ సూదులెందుకు?" అని వాళ్ళు అడిగితే, ఈ సంగతి చెప్పండి. నెగటివ్ అంటే ఆ కాస్త నీటిలో దొరకలేదని మాత్రమే. ఆ సూదులు మానవద్దనండి.