ఎస్‌ప్రెసో మెషీన్ కొంటున్నారా? ముందు గ్రైండర్ సంగతి చూడండి!

ఇంట్లోనే కేఫ్ లాంటి ఎస్‌ప్రెసో కావాలని చాలామంది బడ్జెట్ మొత్తం మెషీన్ మీదే పెట్టేస్తారు. కానీ రుచి చాలావరకు గ్రైండర్ చేతిలోనే ఉంటుంది. మెషీన్ సుమారు 9 బార్ల ప్రెషర్‌తో వేడినీళ్లను పొడిలోంచి పంపిస్తుంది. పొడి ముతకగా ఉంటే నీళ్లు జారిపోయి కాఫీ పల్చగా, పుల్లగా వస్తుంది. మరీ మెత్తగా ఉంటే చుక్కలుగా దిగి చేదెక్కుతుంది.

మిక్సీ సరిపోదా?
సరిపోదు. బ్లేడ్ గింజల్ని ఇష్టమొచ్చినట్టు నరుకుతుంది, ఒకే సైజు రాదు. బర్ గ్రైండరే తీసుకోండి.

స్పెక్స్‌లో ఏం చూడాలి?
ఒక్కో క్లిక్‌కి బర్ ఎంత జరుగుతుందో చూడండి. కింగ్రైండర్ కె6లో 16 మైక్రాన్లు, వన్‌జెడ్‌ప్రెసో జె-అల్ట్రాలో 8. ఇది ఎంత తక్కువైతే సెట్టింగ్ అంత కచ్చితంగా కుదురుతుంది. రెండూ చేత్తో తిప్పేవే. రోజుకు ఒకటి రెండు కప్పులకైతే హ్యాండ్ గ్రైండర్ చాలు.

ఇంకేం కావాలి?
0.1 గ్రాము వరకు చూపించే స్కేల్. 18 గ్రాముల పొడి నుంచి 25–30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగేలా మొదలుపెట్టండి. త్వరగా దిగిపోతే ఇంకాస్త మెత్తగా పట్టండి. అరకు గింజల నుంచి చిక్‌మగళూరు గింజలకు మారినా సెట్టింగ్ మళ్లీ చూసుకోవాల్సిందే.

మా మాట: బడ్జెట్ తక్కువైతే మెషీన్‌లో తగ్గండి, గ్రైండర్‌లో మాత్రం వద్దు.