పొయ్యి ఎక్కని ఉండలు

ఫిలింనగర్‌లో ఎప్పుడైనా సినిమా పాట చిత్రీకరణ చూసే అవకాశం వస్తే, నృత్య బృందాన్ని గమనించండి. తెరపై అరనిమిషం కనిపించే అడుగుల కోసం ఎన్నిసార్లు గెంతాలో! అలాంటి పని మధ్యలో కడుపు నిండా భోజనం చేస్తే ఆయాసమే. చిన్నదిగా ఉండి ఎక్కువ శక్తినిచ్చే తిండి కావాలి. ఆ పక్కనే జూబ్లీహిల్స్ దుకాణాల్లో ‘ఎనర్జీ బాల్స్’ అని అమ్మేవి అలాంటివే. మనమే చేసుకుందామా?

1930లో అమెరికాలో స్నికర్స్ అనే మిఠాయి కడ్డీ వచ్చింది. (అది యజమానుల గుర్రం పేరు!) అందులో వేరుశనగ, కారమెల్ పాకం, చాక్లెట్ ఉంటాయి. పాకం బదులు ఖర్జూరం, చాక్లెట్ బదులు కోకో పొడి వాడితే పొయ్యితో పని లేదు.

దుకాణంలో దొరికే వేయించిన పల్లీలు 100 గ్రాములు, గింజ తీసిన ఖర్జూరాలు 100 గ్రాములు, చెంచాడు కోకో, చిటికెడు ఉప్పు తీసుకోండి. పల్లీల పొట్టు తీసి, అన్నీ కలిపి రోట్లో దంచండి. పది ఉండలవుతాయి. వేరుశనగ పడనివాళ్లు మాత్రం వీటి జోలికి పోవద్దు.

నీళ్లు పోయలేదు, పాకం పట్టలేదు. మరి ఉండ ఎలా నిలిచింది? వేరుశనగ బరువులో దాదాపు సగం నూనే. దంచితే కణాలు చితికి అది బయటికొస్తుంది. ఖర్జూరంలోని చక్కెరలు జిగురుగా పట్టుకుంటాయి. నాగుల చవితికి నువ్వులు, బెల్లం దంచి అమ్మమ్మలు చేసే చిమ్మిలిలో జరిగేదీ ఇదే. కొత్త పేరుతో వచ్చిన పాత విద్య అన్నమాట!

ఒక్కో ఉండలో సుమారు 85 కిలో కెలోరీలుంటాయి. మన కండరాలు అందులో నాలుగో వంతునే పనిగా మార్చగలవు, మిగిలింది వేడిగా పోతుంది. అయినా 45 కిలోల విద్యార్థి ఆ శక్తితో 200 మీటర్ల ఎత్తు, అంటే 66 అంతస్తులు ఎక్కవచ్చు. మెట్లెక్కకుండా నాలుగైదు తింటే ఏమవుతుందో మీరే లెక్క కట్టండి.

ఇక అసలు జాగ్రత్త. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. వాటి దాణాలోని వేరుశనగ పిండికి బూజు పట్టింది. ఆ బూజు తయారుచేసిన విషమే అఫ్లటాక్సిన్. వేయించినా అది పూర్తిగా పోదు. దీన్ని చవకగా పసిగట్టే పరీక్షను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రూపొందించారు. మన ఇంట్లో ఆ పరీక్ష లేదు కనుక కళ్లే సాధనాలు. ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదెక్కిన గింజ ఒక్కటి కూడా రోట్లో పడకూడదు.

ఉండలు నిలవ ఉండటానికి కారణం మరొకటి. వాటిలోని కాస్త తేమనూ చక్కెర పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు అందనివ్వదు. తడి బియ్యప్పిండితో చేసిన పచ్చి చలిమిడి త్వరగా పాడవటానికీ, చిమ్మిలి పాడవకపోవటానికీ తేడా ఇక్కడే ఉంది. కావాలంటే రెండు చిన్న ఉండలు చేసి, ఒకదానిలో చెంచాడు నీళ్లు కలపండి. రెండింటినీ వేర్వేరు గాజు సీసాల్లో మూతపెట్టి, రోజూ బయటినుంచే చూసి మార్పులు రాసుకోండి. వారం తరువాత మూత తీయకుండానే రెండు సీసాలూ పారేయండి.