మానేరు ఒడ్డున రెండు ఊళ్లు

కరీంనగర్ పేరు పలికే ప్రతివారూ తమకు తెలియకుండానే ఎలగందులను తలచుకుంటున్నారు. ఎలగందుల కిల్లేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదుగానే ఈ పట్టణానికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. నిజాం పాలనలో ఈ ప్రాంతమంతా ఎలగందుల జిల్లా. 1905 నాటి పునర్వ్యవస్థీకరణతో జిల్లాకు కరీంనగర్ పేరు స్థిరపడింది. కచేరీలు ఉన్నచోటికే వకీళ్లూ వర్తకులూ చేరారు. పట్టణానికి పేరు తెచ్చిన వెండి తీగపని, అంటే ఫిలిగ్రీ కళకు కూడా పుట్టినిల్లు ఎలగందులేనంటారు. అన్నీ తరలిపోయినా కోట మాత్రం కదలలేదు.

కాకతీయులు మొదలుకొని బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీల వరకు ఆ కోటను ఏలినవారే. అందులోని మసీదును 1754లో జఫరుద్దౌలా కట్టించారంటారు. దాని మినార్లను కదిపితే ఊగుతాయని ప్రతీతి. ఆ మాట నిజమో కాదో పరీక్షించే ప్రయత్నం ఎవరూ చేయవద్దని మా మనవి. ఈ వయసులో అవి నిలిచి ఉండటమే గొప్ప.

ఆ తరువాత నది రూపమే మారిపోయింది. 1974లో మొదలై 1985లో పూర్తయిన దిగువ మానేరు జలాశయం 24 టీఎంసీల నీటిని నిలుపుకోగలదు. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ తెచ్చే గోదావరి జలాలు కూడా ఇక్కడే చేరి, వరంగల్ వైపు సాగుతాయి. పొలాలు పండాయి, పట్టణం దాహం తీరింది. కానీ ఆ నీటి కింద ఊళ్లున్నాయి. ఊరంటే నాలుగు ఇళ్లు కాదు. బావి, బడి, మసీదు, గుడి, ఖబరస్తాన్, కల్లం అన్నీ కలిస్తేనే ఊరు. ఇంటికి వెలకట్టి పరిహారం ఇవ్వవచ్చు. తాత సమాధికి ఏ లెక్క కడతారు? ఎగువన మధ్య మానేరు కట్టినప్పుడూ నిర్వాసితులు ఇదే బాధ పడ్డారు.

ఇక ఆనకట్ట దిగువన, గేట్లు మూసిన రోజుల్లో కనిపించేది ఇసుకే. ఆ ఇసుక కూడా లారీలకెక్కింది. ఇప్పుడు అదే ఒడ్డును తీర్చిదిద్దుతున్నారు. సదాశివపల్లి వైపు తీగల వంతెన 2023 జూన్‌లో ప్రారంభమైంది. సబర్మతీ తీరాన్ని ఆదర్శంగా తీసుకొని, సుమారు 410 కోట్ల రూపాయల అంచనాతో మానేరు రివర్ ఫ్రంట్‌కు 2022లో శంకుస్థాపన జరిగింది. చెక్‌డ్యాములతో నీటిని నిలిపి, ఒడ్డున ఉద్యానవనాలు, నడకదారులు వేయాలన్నది తలంపు.

సాయంత్రం పిల్లలతో కూర్చోవడానికి చల్లని చోటు దొరకడం మంచిదే. మేము దీనికి వ్యతిరేకులం కాము. అయితే ఏరు అందరికీ విహారస్థలం కాదు. చేపలు పట్టేవారికి, బట్టలుతికేవారికి, ఒడ్డున పుచ్చకాయలమ్ముకునేవారికి అది జీవనాధారం. గోడ కట్టాక వారు నీటి దగ్గరకు ఏ మెట్ల మీదుగా దిగాలో పటంలో ముందే గీయాలి. మునిగిన ఊళ్ల పేర్లు చెక్కిన రాతిపలక ఒకటి ఆ నడకదారిలో నిలపాలి. 410 కోట్లలో దాని ఖర్చు ఎంతని!

ఈ సెలవులకు కరీంనగర్ వచ్చే కుటుంబాలు తీగల వంతెన కంటే ముందు ఎలగందుల వెళ్లిరావాలని మా కోరిక. సిరిసిల్ల మార్గంలో పది పదిహేను కిలోమీటర్ల ప్రయాణం. ఎండ ముదరకముందే కోట ఎక్కడం మేలు; పైన నీరు దొరుకుతుందన్న నమ్మకం లేదు, సీసాలు వెంట తీసుకెళ్లండి.