ప్రభుత్వ వృద్ధాశ్రమాలు: వసతి నుంచి సంరక్షణ దాకా

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, ఒక్కోదానిలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా, రాష్ట్ర ప్రభుత్వం దశలవారీగా వృద్ధాశ్రమాలు నెలకొల్పవచ్చని దాని 19వ సెక్షన్ చెబుతుంది. 'నెలకొల్పాలి' అనలేదు, 'నెలకొల్పవచ్చు' అన్నది. ఈ ఒక్క క్రియాపదం వల్ల బాధ్యత చాలా సడలిపోయింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగాక ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల ఏర్పడ్డాయి. అంటే 'జిల్లాకు ఒకటి' అన్న లెక్క రెండు నుంచి ఎనిమిదికి పెరిగింది.

భవనం ఉన్నంత మాత్రాన ప్రమాణం ఉన్నట్టు కాదు. కేంద్రం రూపొందించిన నమూనా నియమాల ప్రకారం పడకగదిలో ఒక్కొక్కరికి 7.5 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. వంటశాల, భోజనశాల, వైద్యగది వంటివి కలిపితే 12 చదరపు మీటర్లు. మీరే లెక్క వేసి చూడండి: 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న హాలులో ఎనిమిది మంచాలే పడతాయి. పన్నెండు వేస్తే చక్రాల కుర్చీ మంచం పక్కకు రాదు. వాలుదారికి 1:12 నిష్పత్తి పాటిస్తారు. వరండా నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే వాలు 5.4 మీటర్ల పొడవుండాలి. పాత భవనాల ముందు అంత జాగా దొరకడమే కష్టం.

స్థానిక పరిస్థితులను కూడా గమనించాలి. ఆదిలాబాద్ చలికాలంలో వేడినీళ్లు, రగ్గులు విలాసాలు కావు. రామగుండం ఎండల్లో రేకుల కప్పు కింద ముసలివారిని ఉంచడం ప్రమాదకరం. ఉట్నూరు, ఆసిఫాబాద్ ప్రాంతాల వృద్ధుల్లో గోండి, కొలామి మాత్రమే ధారాళంగా మాట్లాడేవారుంటారు. నొప్పి ఎక్కడో అడిగేందుకు ఆ భాష తెలిసిన ఆయా కావాలి. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో కొడుకులు గల్ఫ్‌లో ఉండగా ఒంటరిగా మిగిలినవారి అవసరం మరో రకం. వారికి నీడ కంటే పగటిపూట సంరక్షణ ముఖ్యం.

వైద్యం విషయంలో అదే చట్టం 20వ సెక్షన్, జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు ప్రత్యేక సౌకర్యాలుండాలంటుంది. జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రికి పది పడకల వార్డును ప్రతిపాదించారు. ఆశ్రమాన్ని ఆ వార్డుతో కలిపే ఏర్పాటు కావాలి. మంచం పట్టినవారిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఆ పని రాత్రి రెండింటికీ, నాలుగింటికీ చేయాలి. అందుకే నిధుల ప్రతిపాదనలో టైల్స్, రంగుల కంటే ముందు రాత్రిపూట పనిచేసే ఆయాల పోస్టులను చూడాలి.