పొగగొట్టములలో బాలురు

పదునెనిమిదవ శతాబ్దమున లండను ప్రపంచములోని సంపన్న నగరములలో నొకటి. అచ్చటి గృహములలో చలి కాచుకొనుటకు బొగ్గు మండించెడివారు. పొగ పైకి పోవుటకు గోడల నడుమ వంకరటింకరగా సాగిన గొట్టము లుండెడివి. కొన్నింటి వెడల్పు 9 అంగుళములకు మించదు. వానిలో పేరుకొనిన మసిని దులుపకున్నచో ఇల్లు అంటుకొను ప్రమాదము కలదు. పెద్దవారు దూరలేని ఆ సందులలోనికి ఐదారేండ్ల బాలురను ఎక్కించుచుండిరి.

ఈ బాలురు ఎవరి బిడ్డలు? పేదపేటలలో నివసించువారి బిడ్డలు. పూట గడవని తల్లిదండ్రులు కొద్దిపాటి సొమ్ము పుచ్చుకొని కుమారుని మసి దులుపు మేస్త్రికి అప్పగించెడివారు. దిక్కులేని పిల్లలనైతే వారిని పోషింపవలసిన అధికారులే, పని నేర్పించు నెపమున, మేస్త్రీల వెంట పంపివేసెడివారు.

గోడల రాపిడికి ఆ పసివారి మోకాళ్లును మోచేతులును చీరుకొనిపోయెడివి. చర్మము గట్టిపడుటకై పుండ్లను ఉప్పునీటితో రుద్ది, మండుచున్న నిప్పుకడ నిలబెట్టెడివారని సాక్షులు చెప్పిరి. కొందరు గొట్టములలో చిక్కుకొని ఊపిరాడక మరణించిరి. బ్రతికి బయటపడినవారికిని మరియొక ఆపద పొంచియుండెను. ఈ పని చేసినవారికి యుక్తవయస్సు వచ్చిన పిదప క్యాన్సరు వచ్చుచున్నదనియు, చర్మమున నిలిచిన మసియే దానికి కారణమనియు 1775 లో పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు వెల్లడించెను.

1788 లో పార్లమెంటు ఒక చట్టము చేసి, ఎనిమిదేండ్లు నిండని బాలురను ఈ పనిలో చేర్చుకొనరాదని శాసించెను. కాని దానిని అమలుపరచు ఉద్యోగులు లేరు. 1803 లో జార్జి స్మార్టు అనునతడు, క్రిందనే నిలిచి మసి దులుపుటకు వీలుగా, పొడవైన కర్రలకు కుంచె నమర్చి యొక సాధనము కల్పించెను. అయినను గృహస్థులు దానిని అంతగా ఆదరింపలేదు. వంకర గొట్టములను సరిచేయించుటకు ధనము వెచ్చింపవలెను. బాలుడన్ననో చౌకగా దొరకును. 1819 లో బాలురను ఎక్కించుటను నిషేధించు బిల్లును ప్రభువుల సభ త్రోసిపుచ్చెను. ఇరువది యొక్క ఏండ్లలోపు వారెవ్వరును గొట్టములెక్కరాదని 1840 లో మరియొక చట్టము వచ్చెను. దానిని సైతము పెక్కుమంది లెక్కచేయలేదు.

1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి సమీపమున నొక ఆసుపత్రి పొగగొట్టములో జార్జి బ్రూస్టరు అను బాలుడు చిక్కుకొనెను. గోడ పగులగొట్టి వెలికి తీసిరి గాని అతడు దక్కలేదు. మేస్త్రికి ఆరునెలల శిక్ష పడెను. షాఫ్ట్‌స్‌బరీ ప్రభువు పట్టుదలవలన ఆ సంవత్సరమే క్రొత్త చట్టము వెలువడెను. మేస్త్రి ప్రతివాడును పోలీసుల అనుమతి పత్రము పొందవలసి వచ్చెను. చట్టమును కనిపెట్టి చూచువారు ఏర్పడిన పిమ్మటగాని ఆ దురాచారము అంతరింపలేదు. మొదటి చట్టమునకును దీనికిని నడుమ 87 సంవత్సరములు గడచెను.

మన రాజ్యాంగము పదునాలుగేండ్లలోపు బాలలను కర్మాగారములందు నియమింపరాదని శాసించినది. 2009 నాటి చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల బాలలకు ఉచిత విద్యను హక్కుగా నొసగినది. అయినను 2015 లో హైదరాబాదు పాతబస్తీలోని గాజుల కార్ఖానాలనుండి పోలీసులు అనేకమంది బాలలను విడిపించిరి. వారిలో పెక్కుమంది బిహారునుండి తేబడిన నిరుపేదల బిడ్డలు. తల్లిదండ్రులకు కడుపు నిండు కూలియు, పిల్లలకు అందుబాటులో బడియు, చట్టమును కాపాడు మనుష్యులును ఉన్నచోటనే బాల్యమునకు రక్షణ కలుగును.