మనోళ్లు కట్టిన మైదానం

2022 నవంబర్ 22, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర. ఆదిలాబాద్ మార్కెట్ యార్డు ముందు పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. కాంటా దగ్గర వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. ఓ కుర్రాడు ట్రాలీ ఎక్కి పత్తిలోనే వెనక్కి వాలి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాడు. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో అర్జెంటీనా, సౌదీ అరేబియా మ్యాచ్. ఖతర్‌లోని లుసైల్ స్టేడియం. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీ కొట్టాడు. కుర్రాడు ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇక చూసేదేముంది? అర్జెంటీనా అప్పటికి వరుసగా 36 మ్యాచ్‌లు ఓడిపోకుండా వచ్చిన జట్టు.

విరామం తర్వాత ఐదే నిమిషాల్లో అంతా తలకిందులైంది. 48వ నిమిషంలో అల్ షెహ్రీ, 53వ నిమిషంలో అల్ దౌసరీ. పక్క ట్రాక్టర్ మీద బీడీ కాలుస్తున్న నలభై ఏళ్ల మనిషి "ఏమైంది రా?" అని అడిగి, ఫోన్‌లోకి తొంగి చూసి, దిగ్గున లేచాడు. "సౌదీ కొట్టింది! సౌదీ కొట్టింది!" అని అరిచాడు. ఆరేళ్లు రియాద్‌లో ఉండి వచ్చాడట. అక్కడి వీధుల పేర్లు మన వీధుల పేర్లలాగే చెప్పాడు.

అంతలో వెనక బండి నుంచి ఇంకో గొంతు లేచింది. "గెలిస్తే గెలిచిండ్రు, నీకేమొచ్చిందే కాకా? మా కఫీల్ నా పాస్‌పోర్ట్ గుంజుకుని రెండేండ్లు ఇయ్యలే. వాళ్లు గెలిస్తే నేనెందుకు సంబురపడాలె?" కఫీల్ అంటే అక్కడ పని ఇచ్చే యజమాని. కాక ఊరుకోలేదు. "కఫీల్ వేరు, ఆటగాడు వేరు తమ్మీ. ఆరేండ్లు వాళ్ల దేశంల రొట్టె తిన్నం" అన్నాడు. మ్యాచ్ అయిపోయింది, 2-1. వాళ్ల వాదన మాత్రం బండి కాంటా ఎక్కేదాకా నడిచింది. ఆ గెలుపు కోసం సౌదీ రాజు మర్నాడు దేశమంతటికీ సెలవు ప్రకటించాడని రాత్రి తెలిసింది.

ఎన్నో ప్రపంచకప్‌ల కబుర్లు విన్నాను. ఆఫ్‌సైడ్ గురించి, గోల్‌కీపర్ తప్పు గురించి మాట్లాడుకునేవాళ్లను చాలామందినే చూశాను. పాస్‌పోర్ట్ గురించి, రొట్టె గురించి మాట్లాడుకుంటూ ప్రపంచకప్ చూసినవాళ్లను మాత్రం మా ప్రాంతంలోనే చూశాను. కోల్‌కతాకు ఫుట్‌బాల్ క్లబ్బుల ద్వారా వచ్చింది. గోవాలో పోర్చుగీసు కాలం నుంచి ఉంది. ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాల పల్లెల్లో దాన్ని ఇంటింటికీ తెచ్చింది దుబాయి దారే.

దుబాయి అంటే ఒక్క దుబాయి కాదు. మా దగ్గర మస్కట్ పోయినా, కువైట్ పోయినా, ఖతర్ పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. చమురు ధర పెరిగిన 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల మగవాళ్లు అటు పోతూనే ఉన్నారు. సిరిసిల్ల, వేములవాడ, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఇటు ఖానాపూర్, లక్షెట్టిపేట. ఏ ఊళ్లో దిగినా ఏజెంటుకు కట్టిన అప్పు కథ ఒకటి వినిపిస్తుంది. కంపెనీ వీసా మంచిదా, ఎక్కడైనా పని వెతుక్కునే ఆజాద్ వీసా మంచిదా అని ఇంటర్ చదివే పిల్లవాడు కూడా చెప్పగలడు. స్టీల్ ఫిక్సర్, షట్టరింగ్ కార్పెంటర్, మేసన్, హెల్పర్. ఈ మాటలు మా పల్లెల్లో ఇంగ్లిష్ మాటల్లా వినిపించవు. అవి ఇంట్లోవాళ్ల ఉద్యోగాలు.

మరి ఫుట్‌బాల్? క్యాంపు గదిలో నేర్చుకున్నారు. ఒక గదిలో ఆరుగురో ఎనిమిదిమందో. రెండంతస్తుల మంచాలు. అందులో ఇద్దరు మలయాళీలు, ఒక బంగ్లాదేశీ, ఒక నేపాలీ ఉంటే టీవీలో ఏముంటుందో వేరే చెప్పాలా? మలయాళీలకు ఫుట్‌బాల్ ఎంత పిచ్చో 2022లో లోకమంతా చూసింది. కోజికోడ్ జిల్లా పుల్లవూర్‌లో ఏటి మధ్యన మెస్సీ కటౌట్ నిలబెడితే, నెయ్మార్ అభిమానులు దానికన్నా ఎత్తైనది పెట్టారు. రొనాల్డో వాళ్లు ఆ రెండిటినీ మించినది తెచ్చారు. అలాంటివాళ్ల పక్క మంచం మీద నాలుగేళ్లు పడుకున్న ఖానాపూర్ మనిషి అర్జెంటీనానో బ్రెజిలో, ఏదో ఒక వైపు తేలకుండా ఎలా ఉంటాడు? శుక్రవారం సెలవు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్, సాయంత్రం మ్యాచ్. తిరిగొచ్చేటప్పుడు కంబళ్లు, సెంటు సీసాలు, ఖర్జూరాలతో పాటు పెట్టెలో పిల్లవాడికి పది నంబర్ జెర్సీ కూడా వచ్చేది. ఈ ప్రాంతంలో నేను చూసిన మొట్టమొదటి మెస్సీ జెర్సీ దోహా బజారు నుంచి వచ్చిందే.

అందుకే 2022 ప్రపంచకప్ మొదటి మ్యాచ్ మాకు పరాయి దేశపు పండుగలా అనిపించలేదు. నవంబర్ 20, ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర. దోహాకు ఉత్తరాన అల్ ఖోర్‌లో, ఎడారి గుడారం ఆకారంలో కట్టిన అల్ బయ్త్ స్టేడియం. ఖతర్, ఈక్వడార్. ఆట మాత్రం ఏకపక్షమే. ఎన్నర్ వాలెన్సియా 16వ నిమిషంలో పెనాల్టీ, 31వ నిమిషంలో తలతో ఇంకొకటి కొట్టాడు. 2-0. ఆతిథ్య దేశం మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోవడం ప్రపంచకప్ చరిత్రలో అదే తొలిసారి.

నాకు ఆ రాత్రి గుర్తున్నది గోల్స్ వల్ల కాదు. మా మేనత్త కొడుకు అప్పుడు దోహాలో ఉన్నాడు. ఇమో యాప్‌లో కాల్ చేశాడు. వెనక మనుషుల సముద్రం, ఆ చివర పెద్ద తెర. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఏషియన్ టౌన్ క్రికెట్ స్టేడియంలో కార్మికుల కోసం ప్రత్యేకంగా తెరలు పెట్టారు. వేలమంది వచ్చారు.

"బావా, టికెట్ దొరకలేదా?" అన్నాను.

"దొరకక కాదు బామ్మర్దీ. నలభై రియాల్లు. ఆ పైసలు ఇంటికి పోతయ్ గదా."

నలభై రియాల్లంటే అప్పటి లెక్కన తొమ్మిది వందల రూపాయలు. ఖతర్‌లో ఉంటున్నవాళ్ల కోసం పెట్టిన అతి తక్కువ ధర అది. ఆ దేశంలో 2021 మార్చి నుంచి అమలైన కనీస వేతనం నెలకు వెయ్యి రియాల్లు. అంటే టికెట్ ఒక రోజు కూలి. లెక్క వేసుకుని వద్దనుకున్నాడు. బాధగా చెప్పలేదు, ఉప్పూ చింతపండూ కొనేటప్పుడు లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"స్టేడియం నువ్వు కట్టినవా?" అని పక్కనుంచి మా పిల్లవాడు అడిగాడు. "స్టేడియం ఒక్కటేనా బిడ్డా? దానికి పోయే రోడ్డు, ఆ మెట్రో, ఆ హోటళ్లు, అన్నిట్ల మనోళ్లున్నరు" అన్నాడు. తర్వాత ఫోన్ తెర వైపు తిప్పి, "అగో చూడు, ఆ లైట్లు" అని చూపించాడు. లైట్లు మసకగా కనిపించాయి. మా ఇంట్లో అందరం వాటినే చూస్తూ కూర్చున్నాం.

ఇక్కడ ఒక్క మాట నిలబడి చెప్పాలి. ప్రపంచకప్ మామూలుగా జూన్, జూలైల్లో జరుగుతుంది. ఖతర్ ఎండకు ఆటగాళ్లు తట్టుకోలేరని దాన్ని నవంబర్, డిసెంబర్‌కు మార్చారు. సరైన పనే. కానీ తొంభై నిమిషాలు ఆడేవాళ్లకు పనికిరాని ఆ ఎండలోనే పదేళ్లపాటు సెంట్రింగ్ కొట్టినవాళ్లున్నారు, ఇనుము వంచినవాళ్లున్నారు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట పని చేయించకూడదనే నియమం 2021లో వచ్చింది. ఆతిథ్యం ఖతర్‌దని తేలింది 2010లో. ఆ మధ్య గడిచిన ఎండాకాలాలు ఎవరి ఒంటి మీద గడిచాయో మా ఊళ్లకు తెలుసు.

2021 ఫిబ్రవరిలో బ్రిటన్ పత్రిక గార్డియన్ ఒక లెక్క వేసింది. ఆతిథ్యం దక్కినప్పటి నుంచి పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి వెళ్లినవాళ్లు 6,500 మందికి పైగా ఖతర్‌లో చనిపోయారని రాసింది. అందులో భారతీయులు 2,711 మంది. వీళ్లంతా స్టేడియం పనుల్లో పోయినవాళ్లు కారు. అన్ని పనుల్లో, అన్ని కారణాలతో పోయినవాళ్లు. స్టేడియాల దగ్గర పని వల్ల చనిపోయింది ముగ్గురే అని ఖతర్ నిర్వాహకులు చెబుతూ వచ్చారు. టోర్నీ నడుస్తుండగానే నిర్వహణ కమిటీ పెద్ద హసన్ అల్ థవాదీ ఒక ఇంటర్వ్యూలో, మొత్తం పనుల్లో నాలుగు వందల నుంచి ఐదు వందల మంది పోయి ఉంటారన్నాడు. ముగ్గురికీ ఐదు వందలకూ మధ్య తేడా కాగితం మీద అంకె. జగిత్యాల జిల్లాలో, నిర్మల్ జిల్లాలో అది శంషాబాద్ విమానాశ్రయం నుంచి రాత్రిపూట వచ్చే అంబులెన్సు. మరణ పత్రంలో "సహజ మరణం" అని రాసి ఉంటే పరిహారం ఉండదు. ముప్ఫై ఏళ్ల మనిషి నిద్రలో పోతే అది సహజం ఎట్లయితదని అడిగే తల్లులకు ఎవరూ జవాబు చెప్పలేదు. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఐదు లక్షల రూపాయల సాయం ఇస్తోంది. మంచి నిర్ణయం. ఆ తేదీకి ముందు పోయినవాళ్ల ఇళ్లు కూడా మా ఊళ్లలోనే ఉన్నాయి.

ఇంత తెలిసీ మ్యాచ్ చూడబుద్ధి ఎలా అవుతుందని ఒక మిత్రుడు అప్పుడు నన్ను అడిగాడు. మా బావ దగ్గరే దానికి జవాబు దొరికింది. ఆయన ఆట అయిపోయేదాకా ఆ తెర ముందు నిలబడి చూశాడు. తన చేతి పని లోకమంతా చూస్తోందనే గర్వం ఆయన ముఖంలో ఉంది. దాన్ని ఆయన దగ్గర నుంచి తీసేసుకునే హక్కు నాకు లేదు.

మొదటి వారమంతా అట్లాగే గడిచింది. సౌదీ గెలిచిన మర్నాడే జపాన్ 2-1తో జర్మనీని ఓడించింది. స్పెయిన్ కోస్టారికాకు ఏడు గోల్స్ కొట్టింది. ఆ తర్వాతి రాత్రి రొనాల్డో ఐదు ప్రపంచకప్పుల్లో గోల్ చేసిన తొలి పురుష ఆటగాడయ్యాడు. ఛాయ్ హోటల్ బెంచీ మీద తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసిపోయి వాదనలు నడిచాయి. మొదటి మ్యాచ్ ఓడిన అర్జెంటీనా పనైపోయిందని తేల్చినవాళ్లే డిసెంబర్ 18 రాత్రి, అదే లుసైల్ స్టేడియంలో మెస్సీ కప్పు ఎత్తినప్పుడు టపాసులు కాల్చారు.

మన గడ్డకు ఫుట్‌బాల్ అంతకుముందు తెలియదని అనుకోవద్దు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. రెండుసార్లూ శిక్షకుడు హైదరాబాద్ వాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరామ్ ఆ రెండు జట్లలోనూ ఆడాడు. ఆ వెలుగు రాజధాని దాటి ఉత్తరానికి రాలేదు. ఇన్నేళ్ల తర్వాత మా పొరుగు జిల్లా నిజామాబాద్ నుంచి, ఒక లంబాడా తండా నుంచి గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. క్రొయేషియాలో దినామో జాగ్రెబ్ క్లబ్బుకూ ఆడి వచ్చింది. ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఓ మూల బంతిని తన్నుకునే పిల్లలకు మెస్సీ కన్నా ఆమె పేరు ముందు తెలియాలని నా కోరిక.

ఇప్పుడు మళ్లీ ప్రపంచకప్ వస్తోంది. ఈసారి మూడు దేశాల్లో: అమెరికా, కెనడా, మెక్సికో. జట్లు 32 నుంచి 48 అయ్యాయి, మ్యాచ్‌లు 104. మొదటిది జూన్ 11న మెక్సికో సిటీ అజ్‌టెకా స్టేడియంలో మెక్సికో, దక్షిణాఫ్రికా మధ్య. మనకు అది గురువారం అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. 2010లోనూ ఇదే జూన్ 11న, ఇవే రెండు జట్లు జొహానెస్‌బర్గ్‌లో మొదటి మ్యాచ్ ఆడి 1-1తో సమానంగా నిలిచాయి. అర్జెంటీనా, అల్జీరియా మ్యాచ్ 17న పొద్దున ఆరున్నరకు. మృగశిర కార్తె కదా, వాన పడితే పత్తి గింజలు పెట్టే వేళ. ఒక చేతిలో గింజల సంచి, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని గట్టు మీద నిలబడేవాళ్లను ఈసారి చూస్తాం.

కొత్తగా వచ్చిన జట్లలో కురసావో అనే చిన్న ద్వీపం ఉంది. జనాభా లక్షన్నర. ప్రపంచకప్‌కు వచ్చిన దేశాల్లో ఇంత తక్కువ జనం ఉన్నది ఇంతకుముందు లేదు. ఆదిలాబాద్ పట్టణ జనాభా 2011 లెక్కల్లోనే లక్షా పదిహేడు వేలు. ఆ దీవి మొదటి మ్యాచ్ జర్మనీతో, హ్యూస్టన్‌లో. నా ఓటు కురసావోకే. జోర్డాన్, ఉజ్బెకిస్తాన్, కేప్ వెర్డేలకూ ఇదే తొలి ప్రపంచకప్.

మా వాళ్లు అడుగుతున్నది మాత్రం ఇంకో జట్టు గురించి. ఖతర్ ఈసారి ఆతిథ్యం పేరు మీద కాకుండా, యూఏఈని 2-1తో ఓడించి సొంతంగా అర్హత తెచ్చుకుంది. మా బావ ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాడు, రెండెకరాలు చేసుకుంటున్నాడు. మొన్న కలిస్తే ఖతర్ మ్యాచ్ ఎప్పుడని అడిగాడు.

మీ ఇంట్లోనో మీ వాడలోనో ఖతర్ నుంచి తిరిగొచ్చిన మనిషి ఉంటే ఆ రాత్రి ఆయన్ను పిలిచి కూర్చోబెట్టుకోండి. ఏ ఏడాది పోయిండో, ఏ సైటులో ఏ పని చేసిండో అడగండి. చెప్పింది ఒక కాగితం మీద రాసి దాచండి, ఆయన పిల్లలకు ఇవ్వండి. తిరిగి రాని మనిషి ఇల్లయితే ఆ పేరు రాయండి. ఖతర్ మొదటి మ్యాచ్ స్విట్జర్లాండ్‌తో, జూన్ 13 శనివారం అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు.